ఎలక్ట్రానిక్ డిస్‌ప్లేలు: పనిచేసే తీరు, వినియోగం

పరిచయం

గత యూనిట్లలో మీరు కౌంటర్లు, రిజిస్టర్లు, డీకోడర్ల పనితీరు చదివారు. ఆ వలయాల నిర్గమాల వద్ద దొరికేవి రెండే స్థాయిలు: 0, 1. నాలుగు తీగల మీద 1000 అని ఉంటే అది 8 అని మీకు తెలుసు. కిరాణా కొట్టులో కాటా ముందు నిలబడిన మనిషికి ఆ సంగతి తెలియనక్కరలేదు. ఆ మనిషికి 8 అనే అంకె కనబడితే చాలు. కాని అది సరిగ్గా కనబడాలి.

విద్యార్థులు సాధారణంగా డిస్‌ప్లేను వలయం చివర తగిలించే అలంకారంగా చూస్తారు. లెక్కంతా లోపల జరిగిపోయింది, ఇది చూపించడమే కదా అనుకుంటారు. ఆ అభిప్రాయం సరికాదు. లోపలి వలయం నూటికి నూరు పాళ్లు సరిగ్గా పనిచేసినా, చూపే చోట ఒక్క గీత వెలగకపోతే మనిషికి చేరేది తప్పుడు సంఖ్యే. ఇంట్లో చక్కెర పరీక్ష చేసుకునే గ్లూకోమీటర్‌లో 180 అనే విలువ 100గా కనబడితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే ఈ పాఠంలో డిస్‌ప్లే పనిచేసే తీరుతో పాటు అది చెడిపోయే తీరుకు కూడా చోటు ఇచ్చాం.

డిస్‌ప్లేలు మౌలికంగా రెండు రకాలు. తమంతట తాము కాంతిని వెలువరించేవి ఒక రకం. కాంతి ఉద్గార డయోడ్, అంటే ఎల్.ఇ.డి., ఈ రకానికి చెందుతుంది. తమకు సొంత కాంతి లేక, బయటి కాంతిని ఆపడమో పోనివ్వడమో చేసేవి రెండో రకం. ద్రవ స్ఫటిక డిస్‌ప్లే, అంటే ఎల్.సి.డి., దీనికి ఉదాహరణ. ఒకటి దీపం, మరొకటి కిటికీ రెక్క అనుకోండి. ఈ తేడా మనసులో ఉంచుకుంటే తరువాత వచ్చే విషయాలు చాలావరకు తేలికవుతాయి.

కాంతి ఉద్గార డయోడ్

పి-ఎన్ సంధికి పురోశక్మం కల్పించినప్పుడు ఎలక్ట్రాన్లు, రంధ్రాలు సంధి దగ్గర పునఃసంయోగం చెందుతాయని చదివారు. వాహక పట్టీలోని ఎలక్ట్రాన్ సంయోజక పట్టీలోకి దిగేటప్పుడు ఆ రెండింటి మధ్య ఉన్న అంతరానికి సమానమైన శక్తిని వదులుకోవాలి. సిలికాన్, జెర్మేనియం డయోడ్లలో ఈ శక్తి దాదాపు అంతా వేడిగా పోతుంది. గాలియం ఆర్సెనైడ్ వంటి సమ్మేళనాలలో అదే శక్తి ఫోటాన్‌గా బయటికి వస్తుంది. ఏ రంగు కాంతి వస్తుందన్నది నిషిద్ధ శక్తి అంతరాన్ని బట్టి ఉంటుంది. గుర్తుంచుకోవడానికి ఈ సంబంధం చాలు:

తరంగదైర్ఘ్యం (నానోమీటర్లలో) = 1240 ÷ శక్తి అంతరం (ఎలక్ట్రాన్ వోల్టులలో)

గాలియం ఆర్సెనైడ్ శక్తి అంతరం 1.43 ఎలక్ట్రాన్ వోల్టులు. భాగిస్తే సుమారు 867 నానోమీటర్లు వస్తుంది. ఇది పరారుణ కాంతి, కంటికి కనబడదు. దానిలో తగిన పాళ్లలో ఫాస్ఫరస్ చేర్చితే అంతరం దాదాపు 1.9కి పెరిగి, 650 నానోమీటర్ల ఎరుపు కాంతి వస్తుంది. 1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని ఎల్.ఇ.డి.ని తయారుచేసింది ఈ పదార్థంతోనే. ఆకుపచ్చ, పసుపు రంగులు తరువాత త్వరగానే వచ్చాయి. నీలం మాత్రం చాలా ఏళ్లు మొండికేసింది. దానికి గాలియం నైట్రైడ్ వంటి పెద్ద అంతరం ఉన్న పదార్థం కావాలి, దాన్ని మంచి స్ఫటికంగా పెంచడం కష్టం. ఆ పని సాధించిన అకాసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నీలం లేకపోతే తెలుపు లేదు. ఇవాళ మన ఇళ్లలో వెలుగుతున్న తెల్లని ఎల్.ఇ.డి. బల్బు లోపల ఉన్నది నీలం డయోడే. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ పొర నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి.

పరారుణ ఎల్.ఇ.డి.ని ఇంట్లోనే పరిశీలించవచ్చు. టీవీ రిమోట్ ముందు భాగాన్ని మొబైల్ ఫోన్ కెమెరా వైపు తిప్పి ఏదైనా మీట నొక్కండి. కంటికి ఏమీ కనబడదు, ఫోన్ తెరపై మాత్రం మిణుకుమిణుకుమనే చుక్క కనబడుతుంది. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరాకు పరారుణాన్ని ఆపే వడపోత గట్టిగా ఉంటుంది, అప్పుడు ముందు కెమెరాతో ప్రయత్నించండి.

ఎల్.ఇ.డి.ని సరఫరాకు నేరుగా కలపకూడదు. పురోశక్మంలో దాని కొనల మధ్య వోల్టేజి దాదాపు స్థిరంగా ఉంటుంది: ఎరుపుకు సుమారు 2 వోల్టులు, నీలం, తెలుపులకు సుమారు 3 వోల్టులు. ఆ హద్దు దాటితే ప్రవాహం ఒక్కసారిగా పెరిగి డయోడ్ మాడిపోతుంది. కాబట్టి శ్రేణిలో ఒక నిరోధకం ఉండాలి. 5 వోల్టుల సరఫరా, ఎర్రని ఎల్.ఇ.డి., 10 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం కావాలనుకుందాం. నిరోధం మీద పడవలసింది 5 − 2 = 3 వోల్టులు. 3 ÷ 0.010 = 300 ఓమ్‌లు. బజారులో సులువుగా దొరికే దగ్గరి విలువ 330 ఓమ్‌లు. దానితో ప్రవాహం సుమారు 9 మిల్లీ ఆంపియర్లు అవుతుంది, కంటికి తేడా తెలియదు. తిరోశక్మంలో ఎల్.ఇ.డి. ఎక్కువ వోల్టేజికి తట్టుకోలేదని కూడా గుర్తుంచుకోండి. సాధారణ రకాలకు 5 వోల్టులే హద్దు.

సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే

ఏడు చిన్న పట్టీ ఆకారపు ఎల్.ఇ.డి.లను 8 ఆకారంలో అమర్చితే 0 నుంచి 9 వరకు ఏ అంకెనైనా చూపవచ్చు. పై అడ్డగీత ఎ. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో బి, సి, డి, ఇ, ఎఫ్ వస్తాయి. నడిమి అడ్డగీత జి. దశాంశ బిందువు కోసం ఎనిమిదో దీపం కూడా ఉంటుంది. ఏడు డయోడ్ల ఆనోడ్లను కలిపి ఒకే కాలుగా బయటికి తెస్తే అది కామన్ ఆనోడ్ రకం. కాథోడ్లను కలిపితే కామన్ కాథోడ్ రకం. 7447 డీకోడర్ కామన్ ఆనోడ్ రకానికి, 7448, 4511 కామన్ కాథోడ్ రకానికి సరిపోతాయి. ఇవి తారుమారైతే ఒక్క గీత కూడా సరిగా వెలగదు. ప్రయోగశాలలో ఎక్కువ సమయం వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి వలయం కలిపే ముందు మల్టీమీటర్‌తో రకాన్ని నిర్ధారించుకోండి.

ఏడు నిరోధకాలు ఎందుకు, కామన్ కాలుకు ఒక్కటి పెడితే పోదా అని చాలామంది అడుగుతారు. పెట్టి చూడండి. 1 అంకెకు రెండు గీతలే వెలగాలి, 8కి ఏడూ వెలగాలి. ఒకే నిరోధకం గుండా వచ్చే ప్రవాహాన్ని 1లో ఇద్దరు పంచుకుంటే 8లో ఏడుగురు పంచుకోవాలి. ఫలితంగా 1 కళ్లు చెదిరేలా, 8 వెలవెలబోతూ కనబడతాయి.

నాలుగు అంకెల డిస్‌ప్లేకు ఒక్కో అంకెకు ఎనిమిది తీగలు చొప్పున 32 తీగలు కావాలి. దీన్ని తగ్గించడానికి మల్టీప్లెక్సింగ్ వాడతారు. నాలుగు అంకెల ఎ గీతలన్నీ ఒక తీగకు, బి గీతలన్నీ మరో తీగకు, అలా ఎనిమిది తీగలు. ఏ అంకె వెలగాలో ఎంచే తీగలు నాలుగు. మొత్తం 12. ఒక క్షణంలో ఒక అంకె మాత్రమే వెలుగుతుంది. తరువాత రెండోది, మూడోది, నాలుగోది, మళ్లీ మొదటిది. సెకనుకు వంద సార్లు ఈ చుట్టు తిరిగితే కంటికి నాలుగూ ఏకకాలంలో వెలుగుతున్నట్లే ఉంటుంది. కెమెరాకు మాత్రం ఈ భ్రమ లేదు. పెట్రోలు బంకు మీటరునో, రైలు స్టేషను బోర్డునో వీడియో తీసినప్పుడు సగం అక్షరాలు మాయమై మళ్లీ రావడం ఇందువల్లే.

ప్రతి అంకె నాలుగో వంతు కాలమే వెలుగుతుంది కనుక, 10 మిల్లీ ఆంపియర్ల సగటు ప్రకాశం కావాలంటే వెలిగినప్పుడు 40 పంపాలి. క్షణకాలపు 40 మిల్లీ ఆంపియర్లకు డయోడ్ తట్టుకుంటుంది. అయితే ఏదో కారణంతో చుట్టు ఆగిపోయి ఒకే అంకె దగ్గర నిలిచిపోతే ఆ అంకె నిరంతరంగా 40 భరించాల్సి వస్తుంది. మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాం రాసేవారు ఈ ప్రమాదాన్ని మరిచిపోకూడదు.

ఒక గీత వెలగనప్పుడు

8లో నడిమి గీత జి పోతే మిగిలేది 0. బి పోతే 6, ఇ పోతే 9. ఇవి మూడూ అసలు అంకెల్లాగే కనబడతాయి. 9లో బి పోతే 5, ఎఫ్ పోతే 3. 6లో ఇ పోతే 5. 7లో ఎ పోతే 1. తోక లేని 9ని చూపే 7447 వంటి డీకోడర్ అయితే ఎ పోయినప్పుడు 9 కాస్తా 4 అవుతుంది. మరోవైపు 2లో గాని 0లో గాని ఒక గీత పోతే ఏ అంకెకూ పోలని ఆకారం మిగులుతుంది, లోపం వెంటనే బయటపడుతుంది. మనకు భయం కలిగించవలసినది వికారంగా కనబడే అంకె కాదు, చక్కగా కనబడే తప్పుడు అంకె. గ్లూకోమీటర్ ఉదాహరణలో 180లోని నడిమి అంకెకు జి గీత చెడిపోయి 100గా కనబడింది. చూసినవారికి అనుమానించడానికి ఏ కారణమూ లేదు.

వలయం రూపొందించినవారికి ఈ సంగతి తెలుసు. 7447, 4511 రెండింటిలోనూ 3వ కాలు దీప పరీక్ష కోసం కేటాయించారు. దాన్ని భూమికి కలిపితే నివేశం ఏదైనా సరే ఏడు గీతలూ వెలగాలి. గ్లూకోమీటరో బి.పి. యంత్రమో ఆన్ చేయగానే తెర మీద అన్ని గీతలూ, అన్ని గుర్తులూ ఒక్క క్షణం కనబడడం ఈ పరీక్షే. ఆ క్షణంలో మూడు చోట్లా పూర్తి 8 కనబడిందా అని చూడడం వినియోగదారు పని. చాలామంది ఆ క్షణంలో వేలికి దూది ఒత్తుకుంటూ ఉంటారు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. వెలగని గీతను అది పట్టిస్తుంది, ఆరని గీతను పట్టించదు. లోపల రెండు తీగలు తగులుకుని జి ఎప్పుడూ వెలుగుతూ ఉంటే 0 కూడా 8గా కనబడుతుంది. అన్నీ వెలిగించే పరీక్షలో ఆ లోపం దాగిపోతుంది. అందుకే చాలా ఎలక్ట్రానిక్ కాటాలు ఆన్ చేయగానే 999999 నుంచి 000000 వరకు అన్ని అంకెలనూ వరుసగా చూపుతాయి. దుకాణదారు కాటాను పొద్దున్నే ఆన్ చేసి ఉంచుతాడు కాబట్టి కొనుగోలుదారుకు అది చూసే అవకాశం తక్కువ. ఖాళీ పళ్లెంతో సున్నాలు చూడడం, అనుమానమైతే తెలిసిన తూకపు రాయి పెట్టించడం మాత్రం ఎవరైనా చేయవచ్చు.

మరమ్మతు చేసేవారికి చెడిన తీరే ఆచూకీ ఇస్తుంది. మల్టీప్లెక్స్ చేసిన డిస్‌ప్లేలో ఒకే గీత అన్ని అంకెలలోనూ పోయిందంటే లోపం ఆ గీత తీగలోనో, నిరోధకంలోనో, డ్రైవర్‌లోనో ఉంది. ఒక్క అంకెలో మాత్రమే పోయిందంటే ఆ డయోడే చెడింది, లేదా దాని టంకం వదిలింది. ఒక అంకె మొత్తం చీకటైతే ఆ అంకెను ఎంచే ట్రాన్సిస్టర్‌ను ముందు చూడాలి.

ద్రవ స్ఫటిక డిస్‌ప్లే

ఎల్.ఇ.డి. అంకెకు ఉన్న పెద్ద లోపం దాని ఆకలి. ఒక్కో గీతకు 10 మిల్లీ ఆంపియర్లయితే నాలుగు 8లకు 280 అవుతుంది. 2000 మిల్లీ ఆంపియర్ గంటల సామర్థ్యం ఉన్న సెల్లులు ఏడు గంటలకు ఖాళీ. 1972లో బజారులోకి వచ్చిన పల్సర్ చేతిగడియారంలో ఎర్రని ఎల్.ఇ.డి. అంకెలు ఉండేవి. సమయం చూడాలంటే మీట నొక్కాలి, ఎందుకంటే ఎప్పుడూ వెలుగుతూ ఉంటే సెల్లు నిలవదు. ఒక చేతి గడియారం చూడడానికి రెండో చేయి కావాల్సి వచ్చిందన్నమాట.

పరిష్కారం పాతికేళ్ల నాటిది కాదు, అంతకు ఎనిమిది దశాబ్దాల ముందు దొరికిన పదార్థంలో ఉంది. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ రీనిట్జర్ కొలెస్టెరిల్ బెంజోయేట్ అనే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలు ఉన్నట్లు గమనించాడు. సుమారు 145 డిగ్రీల సెల్సియస్ వద్ద అది మబ్బుగా ఉండే ద్రవమైంది, సుమారు 178 వద్ద తేటపడింది. ఆ మధ్యస్థితిలో అణువులు ద్రవంలా జారుతూనే, స్ఫటికంలోలా ఒక దిశకు తిరిగి ఉంటాయి. అదే ద్రవ స్ఫటికం.

డిస్‌ప్లేలో రెండు గాజు పలకల మధ్య కొద్ది మైక్రోమీటర్ల మందంలో ఈ పదార్థాన్ని నింపుతారు. పలకల లోపలి వైపు ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక వాహక పొర అంకె గీతల ఆకారంలో ఉంటుంది. దానిపై ఉండే పలుచని పూత అణువులను ఒక దిశలో నిలబెడుతుంది. కింది పలక దిశ పై పలక దిశకు లంబంగా ఉండడంతో మధ్యలోని అణువులు మెట్ల వరుసలా మెలితిరిగి 90 డిగ్రీలు తిరుగుతాయి. పలకల బయట రెండు ధ్రువకాలు, అవీ పరస్పరం లంబంగా, అతికించి ఉంటాయి. మొదటి ధ్రువకం దాటిన కాంతి తలం అణువుల మెలికను అనుసరించి 90 డిగ్రీలు తిరుగుతుంది, కాబట్టి రెండో ధ్రువకం దాన్ని పోనిస్తుంది. అక్కడ తెర తేటగా కనబడుతుంది. గీతకు కొద్ది వోల్టుల వోల్టేజి ఇస్తే అణువులు క్షేత్రం దిశకు నిటారుగా లేచి మెలిక విడిపోతుంది. కాంతి తిరగదు, రెండో ధ్రువకం ఆపేస్తుంది, గీత నల్లగా కనబడుతుంది. ఇక్కడ ప్రవాహం దాదాపు అవసరం లేదు. ఉన్నది కెపాసిటర్ వంటి నిర్మాణమే. అందుకే కాలిక్యులేటర్ ఒకే సెల్లుతో ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఎల్.సి.డి.కి ఏకముఖ వోల్టేజి ఇవ్వకూడదు. అలా ఇస్తే ద్రవంలో విద్యుత్ రసాయన చర్యలు జరిగి కొంతకాలానికి గీతలు శాశ్వతంగా పాడవుతాయి. డ్రైవర్ ఎప్పటికప్పుడు ధ్రువత్వాన్ని మారుస్తూ ఏకాంతర వోల్టేజినే ఇస్తుంది. సెవెన్ సెగ్మెంట్ ఎల్.ఇ.డి. డ్రైవర్‌ను తీసి ఎల్.సి.డి.కి తగిలించకూడదన్నది దీని నుంచే వస్తుంది.

మే నెల ఎండలో కారు లోపల ముందు భాగాన వదిలేసిన కాలిక్యులేటర్ తెర మొత్తం నల్లబడడం మీరు చూసి ఉండవచ్చు. ఉష్ణోగ్రత హద్దు దాటి ద్రవ స్ఫటికం మామూలు ద్రవమైపోయింది, మెలిక పోయింది. చల్లబడితే చాలా సందర్భాల్లో తిరిగి మామూలవుతుంది. రీనిట్జర్ చూసిన రెండో మార్పే ఇది. ధ్రువకాల పాత్రను పరిశీలించాలంటే పోలరాయిడ్ చలువ కళ్లద్దాల గుండా కాలిక్యులేటర్ తెరను చూస్తూ అద్దాన్ని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో తెర మొత్తం చీకటవుతుంది.

కాలిక్యులేటర్లలో, చిన్న మీటర్లలో గాజు పలకకు, వలయ పలకకు మధ్య టంకం ఉండదు. వాహక పొర, బంధక పొర ఒకదాని తరువాత ఒకటి పేర్చిన రబ్బరు పట్టీ ఉంటుంది. చారలుండడం వల్ల దాన్ని జీబ్రా స్ట్రిప్ అంటారు. పరికరం కింద పడి ఆ పట్టీ కొద్దిగా కదిలినా, తేమ, దుమ్ము చేరినా కొన్ని గీతలు మాయమవుతాయి. పైన చెప్పిన 180 కథకు ఇది ఒక సాధారణ కారణం. పెట్టె పైభాగాన్ని వేలితో నొక్కినప్పుడు గీత వచ్చి, వదిలితే పోతుంటే లోపం అక్కడే ఉంది.

టీవీ, మొబైల్ తెరలు

పాత టీవీలోని కాథోడ్ కిరణ నాళం 1897లో జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించిన పరికరానికి వారసురాలు. ఎలక్ట్రాన్ పుంజం ఫాస్ఫర్ తెరను వరుస వరుసగా తుడుస్తూ పోతుంది. దీన్ని మీరు సి.ఆర్.ఓ. పాఠంలో వివరంగా చదివారు. ఆపేసిన తరువాత కూడా నాళంలో ప్రమాదకరమైన ఆవేశం నిలిచి ఉంటుందన్నది మాత్రం పాత టీవీ విప్పేవారు మరువరాదు.

నేటి టీవీ తెర పై భాగంలో చెప్పిన ఎల్.సి.డి. సూత్రం మీదే పనిచేస్తుంది. ఇక్కడ అంకె గీతలకు బదులు చుక్కలు ఉంటాయి. 1920 × 1080 తెరలో 20,73,600 చుక్కలు, ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలున్న మూడు ఉపచుక్కలు, అంటే మొత్తం 62,20,800 కిటికీలు. ప్రతి కిటికీకి పలుచని పొర ట్రాన్సిస్టర్ ఒకటి ఉంటుంది. వరుస మారిన తరువాత కూడా అది తన చుక్క వోల్టేజిని నిలిపి ఉంచుతుంది. ఫోన్ తెర మీద ఒక చిన్న నీటి చుక్క పెట్టి చూస్తే అది భూతద్దంలా పనిచేసి ఈ మూడు రంగులను చూపుతుంది.

దుకాణాల్లో ఎల్.ఇ.డి. టీవీ అని అమ్మేదాని విషయంలో చాలామందికి అయోమయం ఉంది. అందులో బొమ్మను గీసేది ఎల్.సి.డి. పలకే. వెనుక వెలుగునిచ్చే పాత సన్నని ఫ్లోరసెంట్ గొట్టాల స్థానంలో ఎల్.ఇ.డి.లు వచ్చాయి, అంతే. టీవీలో శబ్దం వస్తూ బొమ్మ రాకపోతే చీకటి గదిలో తెర మీద టార్చి వేసి చూడండి. మసకగా బొమ్మ కదులుతుంటే పలక బాగానే ఉంది, వెనుక దీపాలే పోయాయి. టీవీ మార్చనక్కరలేదు. ఈ ఒక్క పరీక్ష కొన్ని వేల రూపాయలు మిగిల్చగలదు.

ఓ.ఎల్.ఇ.డి. తెరలో మాత్రం ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది. 1987లో కొడక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పలుచని కర్బన పొరలతో దీనికి దారి వేశారు. నలుపు కావలసిన చోట చుక్క పూర్తిగా ఆరిపోతుంది, కాబట్టి నలుపు నిజమైన నలుపు. అయితే ఒకే బొమ్మ గంటల తరబడి ఒకే చోట ఉంటే ఆ చుక్కలు త్వరగా అరిగి, నీడలాంటి మచ్చ మిగులుతుంది. రోజంతా ఒకే పట్టిక చూపే బోర్డుకు ఇది మంచి ఎంపిక కాదు. పుస్తక పఠన యంత్రాల్లో వాడే ఎలక్ట్రానిక్ సిరా మరో పద్ధతి. అతిచిన్న గుళికల్లో వ్యతిరేక ఆవేశాలున్న తెల్లని, నల్లని రేణువులు ఉంటాయి. వోల్టేజిని బట్టి ఏవో ఒకటి పైకి తేలతాయి, సరఫరా తీసేసినా అక్కడే నిలుస్తాయి. పేజీ మార్చినప్పుడే విద్యుత్తు ఖర్చు. ఎండలో చదవడానికి ఇంత అనువైన తెర మరొకటి లేదు, కాని వీడియోకు పనికిరాదు.

తెలుగు అక్షరాలు

సెవెన్ సెగ్మెంట్‌తో తెలుగు రాయలేం. విద్యార్థి ప్రాజెక్టుల్లో విరివిగా వాడే 16 × 2 ఎల్.సి.డి.లో ఒక్కో అక్షరానికి 5 × 8 చుక్కల గడి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు అందులో ముందే నిక్షిప్తమై ఉంటాయి. మనం సొంతంగా గీసుకోవడానికి ఎనిమిది గడులే ఇస్తారు. స్త్రీ అనే మాటను తీసుకోండి. స, దాని మీద గుడి దీర్ఘం, కింద త వత్తు, ర వత్తు. ఇవన్నీ ఎనిమిది చుక్కల ఎత్తులో పట్టవు. అందువల్ల తెలుగుకు చుక్కలను ఒక్కొక్కటిగా నియంత్రించగల 128 × 64 వంటి గ్రాఫిక్ ఎల్.సి.డి. కావాలి. మన రైల్వే స్టేషన్లలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మార్చి మార్చి చూపే ఎల్.ఇ.డి. బోర్డుల్లోనూ అక్షరం అక్షరంగా చేరదు. మాట మొత్తం ముందుగా బొమ్మగా మారి, చుక్కల వరుసలుగా బోర్డుకు అందుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 12 వోల్టుల సరఫరాతో 3 వోల్టుల తెల్లని ఎల్.ఇ.డి.కి 15 మిల్లీ ఆంపియర్లు పంపాలంటే ఎంత నిరోధం కావాలి? అందులో ఎంత సామర్థ్యం వేడిగా పోతుంది?

2. నాలుగు అంకెల మల్టీప్లెక్స్ డిస్‌ప్లేలో 8639 అనే సంఖ్య చూపుతుండగా ఇ గీత తీగ తెగిపోయింది. తెర మీద ఏ సంఖ్య కనబడుతుంది? చూసినవారికి లోపం తెలుస్తుందా?

3. ఎల్.సి.డి. పై ధ్రువకాన్ని 90 డిగ్రీలు తిప్పి అతికిస్తే అంకెలు ఎలా కనబడతాయో కారణంతో రాయండి.